బొగ్గు మనదే, వెలుగు ఎవరిది?
ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ జీవిత విశేషాలు

రెండేళ్లకొకసారి మాఘశుద్ధ పౌర్ణమి వేళకు మేడారం అడవి ఒక మహానగరమవుతుంది. కన్నెపల్లి నుంచి సారలమ్మ, చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెలకు చేరే ఆ నాలుగు రోజులూ జంపన్నవాగు పొడవునా రాత్రికీ పగటికీ తేడా తెలియకుండా కరెంటు దీపాలు వెలుగుతాయి. మన రాష్ట్రంలో కరెంటు అనగానే ముందు తలచుకోవలసింది బొగ్గును. మేడారానికి ఒకవైపు భూపాలపల్లి గనులు, మరోవైపు మణుగూరు గనులు. ఆదిలాబాదు మొదలు ఖమ్మం దాకా గోదావరి లోయలో దాదాపు 350 కిలోమీటర్ల పొడవున పరచుకున్న బొగ్గు పొరల ప్రాంతంలోనే మన అడవులున్నాయి.

ఈ బొగ్గు ఒకప్పుడు లండన్ వాటాదారుల సొత్తు. 1945లో దానిని ప్రభుత్వపు సొత్తుగా మార్చినది అప్పటి హైదరాబాదు రాజ్యం. ఆ రాజ్యానికి చివరి ప్రభువు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. ఆయన పేరు ఎత్తగానే కొందరు పెద్దలు జలాశయాలను, ఆసుపత్రులను, విశ్వవిద్యాలయాన్ని తలచుకుంటారు. మరికొందరికి వెట్టి, గడీలు, రజాకార్లు కళ్లముందు మెదులుతారు. రెండూ జరిగినవే. ఒకదానిని చెప్పి మరొకదానిని దాచితే అది చరిత్ర కాదు. ఆయన జీవితాన్ని రైలు, బొగ్గు, కరెంటు అనే మూడింటి వెంట చెప్పుకుంటూ పోతే, ఒక చిన్న రాజ్యం తన ఇంధనం తన చేతిలో ఉండాలని ఎంత తపన పడిందో, ఆ తపన ఎక్కడ ఆగిపోయిందో మనకు బోధపడుతుంది.

జననం, విద్య

ఉస్మాన్ అలీఖాన్ 1886 ఏప్రిల్ నెలలో హైదరాబాదులోని పురానీ హవేలీలో జన్మించారు. తండ్రి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. అరబ్బీ, పారశీకం, ఉర్దూలతో పాటు ఇంగ్లీషు కూడా చిన్నతనం నుంచే నేర్పించారు. ఆయనకు చదువు చెప్పినవారిలో పండితుడు ఇమాదుల్ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ ముఖ్యులు. తండ్రి విలాసప్రియుడు. కొడుకు అందుకు పూర్తిగా భిన్నం. పాత టోపీ, అతుకులు పడిన దుస్తులు, చవక రకం చార్మినార్ సిగరెట్టు, ఇవీ ఆయన గుర్తులు. 1937లో అమెరికా పత్రిక టైమ్ ప్రపంచంలోకెల్లా ధనవంతుడంటూ ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసింది. కోట్ల విలువ చేసే జాకబ్ వజ్రాన్ని కాగితాల మీద బరువుగా వాడారనే మాట ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆయనకు 22 ఏళ్ల వయసులో, 1908 సెప్టెంబరు 28న, మూసీనది పొంగి రాజధానిని ముంచెత్తింది. వేలమంది ప్రాణాలు పోయాయి. ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి పరిశీలించి, నదిపై ఎగువన జలాశయాలు కట్టాలని సూచించారు. 1911 ఆగస్టులో తండ్రి మరణించగా ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కారు. 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి హిమాయత్‌సాగర్ పూర్తయినాయి. ఇంజనీర్ల మాటకు విలువనివ్వడం అనే అలవాటు ఆయన పాలనలో మొదటినుంచీ కనిపిస్తుంది.

రేవు లేని రాజ్యం

ఆనాటి హైదరాబాదు రాజ్యం వైశాల్యం 82 వేల చదరపు మైళ్ల పైచిలుకు. ఇంగ్లండు, స్కాట్లండు కలిపితే ఇంచుమించు అంత. 1941 లెక్కల ప్రకారం జనాభా కోటీ 60 లక్షలకు పైనే. తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే ప్రజలు, ఉర్దూలో నడిచే సర్కారు. సొంత నాణెం ఉండేది, దానినే హాలీ సిక్కా అనేవారు. సొంత తపాలా ఉండేది. లేనిది సముద్రతీరం. చుట్టూ అన్నివైపులా బ్రిటిషు ఇండియాయే. గ్యాసునూనె, పెట్రోలు, యంత్రాలు, అన్నీ పరాయి రేవుల్లో దిగి పరాయి పట్టాల మీద రావలసిందే.

భూమిలో మాత్రం ఒక నిధి ఉంది. 1871లో భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును కనిపెట్టారు. అప్పట్లో ఇల్లందు వరంగల్ జిల్లాలోనిదే. ఖమ్మం జిల్లా వేరుపడింది 1953లో. ఆయన పేరు మీదుగా ఒక ముఖ్యమైన బొగ్గు పొరను నేటికీ గని కార్మికులు కింగ్ సీమ్ అంటారు. అంతకుముందే భద్రాచలం వెళ్లే యాత్రికులు పొయ్యిరాళ్లుగా పెట్టిన నల్లరాళ్లు అంటుకుని మండాయని ఆ ప్రాంతంలో పెద్దలు కథగా చెబుతారు. ఇల్లందుకు బొగ్గుట్ట అన్న పేరు అట్లా నిలిచిపోయింది.

నిధి దొరికింది గాని దక్కలేదు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ అనే ఇంగ్లండు సంస్థ రాజ్యంలో గనుల హక్కులు పొందింది. ఆ ఒప్పందం వెనుక వాటాల గోల్‌మాల్ జరిగిందన్న ఆరోపణలు రాగా 1888లో లండన్ పార్లమెంటే విచారణ సంఘాన్ని వేయవలసి వచ్చింది. హక్కులు మాత్రం కంపెనీ చేతిలోనే ఉండిపోయాయి. 1889లో సింగరేణి గనుల నుంచి బొగ్గు తీయడం మొదలైంది. రైలు కథ కూడా ఇటువంటిదే. వాడి నుంచి హైదరాబాదుకు 1874లో వచ్చిన రైలు 1886లో వరంగల్‌కు, 1889లో బెజవాడకు చేరింది. దానిని నడిపింది లండన్‌లో రిజిస్టరయిన కంపెనీ. దాని పెట్టుబడి మీద వడ్డీకి మాత్రం నిజాం ఖజానా హామీ.

ఒక్క మాటలో చెప్పాలంటే బొగ్గు మన నేలది, కూలీలు మన ఊళ్లవారు, లాభం దూరదేశానిది. ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కేనాటికి పరిస్థితి ఇది.

లెక్కలు చక్కబడిన కాలం

తొలి రోజుల్లో మూడవ సాలార్‌జంగ్ ప్రధానమంత్రిగా ఉన్నారు. 1914 నుంచి 1919 వరకు నిజాం తానే స్వయంగా పాలన చూసుకున్నారు. 1919లో సర్ అలీ ఇమాం అధ్యక్షుడిగా కార్యనిర్వాహక మండలి ఏర్పడింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపన జరిగింది. ఒక భారతీయ భాషలో, అంటే ఉర్దూలో, ఉన్నతవిద్య బోధించిన తొలి విశ్వవిద్యాలయం అది. తెలుగు పిల్లలకు మాత్రం తల్లిభాషలో చదివే అవకాశం అక్కడ దొరకలేదన్నది మరువరాదు.

పాలనలో ముఖ్యమైన మార్పు తెచ్చినవారు అక్బర్ హైదరీ. ఆర్థికశాఖ బాధ్యత తీసుకున్నాక ఆయన ప్రతి శాఖకూ ముందుగానే నిధులు కేటాయించే పద్ధతి ప్రవేశపెట్టారు. ఆదా అయిన సొమ్మును నిల్వ నిధులుగా వేరుచేశారు. అకౌంట్సు విభాగాల్లో పనిచేసి రిటైరైన మన మిత్రులకు ఈ పని విలువ వేరే చెప్పనక్కరలేదు. లెక్క సరిగా లేని ఖజానా కంపెనీలను కొనలేదు. తరువాత జరిగిన పెద్ద కొనుగోళ్లన్నిటికీ పునాది ఆ కాగితాల మీద పడింది.

విద్యుత్తు సంగతికి వస్తే, రాజధానిలో విద్యుచ్ఛక్తి శాఖ 1910లో, అంటే ఆరవ నిజాం చివరి రోజుల్లో మొదలైంది. సైఫాబాదు టంకశాల పరిసరాల్లోని మింట్ కాంపౌండ్ పేరు తెలియని విద్యుత్ ఉద్యోగి మనలో లేడు. 1920లో హుసేన్‌సాగర్ గట్టున బొగ్గుతో నడిచే పవర్‌హౌసు వెలసింది. పొగగొట్టాలతో నిలబడిన ఆ కట్టడాన్ని 1990లలో కూల్చివేసేదాకా చూసినవారు మనలో చాలామంది ఉన్నారు. ఇప్పుడక్కడ సినిమా హాళ్లు వెలిశాయి.

నీటి విషయంలో నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు చెప్పుకోవాలి. ఇంగ్లండులో కూపర్స్ హిల్ కాలేజీలో చదివి వచ్చిన ఈ ఇంజనీరు మంజీరపై నిజాంసాగర్‌ను 1923 నుంచి 1931 వరకు కట్టించారు. మన పాత వరంగల్ జిల్లాలోని వైరా, పాలేరు జలాశయాలు కూడా ఆ కాలపువే. ఆయన పుట్టినరోజు జులై 11ను తెలంగాణ ప్రభుత్వం ఇంజనీర్ల దినంగా జరుపుతున్నది.

రైలు చేతికి వచ్చింది

1926లో నిజాంకు ఒక చేదు అనుభవం ఎదురైంది. బ్రిటిషువారు తీసుకున్న బేరారు ప్రాంతాన్ని తిరిగి ఇవ్వాలని, తాను వారితో సమానుడనే ధోరణిలో ఆయన రాశారు. వైస్రాయి లార్డ్ రీడింగ్ గట్టిగా బదులిచ్చారు. ఇండియాలో బ్రిటిషు చక్రవర్తి అధికారమే సర్వోన్నతమని, ఏ సంస్థానాధీశుడూ దానితో సమానం కాడని తేల్చిచెప్పారు. మొదటి ప్రపంచయుద్ధంలో కోట్లకొలది సొమ్ము ఇచ్చి బిరుదులు పొందిన ప్రభువుకు అది పెద్ద దెబ్బ. బిరుదు వేరు, అధికారం వేరని తేలిపోయింది.

కత్తితో కాని పని కొనుగోలుతో అవుతుందన్న ఆలోచన ఆ తరువాతి సంవత్సరాల్లో బలపడినట్లు కనిపిస్తుంది. 1930 ఏప్రిల్‌లో రైల్వేను లండన్ కంపెనీ నుంచి ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నది. ఈ బేరం నడిపించడంలో హైదరీ పాత్ర పెద్దది. రెండేళ్లకే, 1932 జూన్‌లో, రైల్వేలో భాగంగా రోడ్డు రవాణా విభాగం మొదలైంది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. మేడారం జాతరకు వేల బస్సులు నడిపే నేటి ఆర్టీసీకి వేరు అక్కడుంది.

ఇక పరిశ్రమలు. 1929లో కోటి రూపాయలతో పారిశ్రామిక ట్రస్టు నిధి ఏర్పడింది. ప్రభుత్వమే వాటాలు తీసుకుని కంపెనీలు పెట్టించే పద్ధతి ఇది. 1934లో వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు, 1937లో బోధనులో నిజాం చక్కెర ఫ్యాక్టరీ, ఆ వెంట సిర్పూరు కాగితపు మిల్లు వచ్చాయి. ఆజంజాహీ మిల్లు సైరనుతో వరంగల్ పట్టణం లేచేదని, ఆ మిల్లు జీతంతో పిల్లల్ని చదివించుకున్నామని చెప్పే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. ఈ మిల్లులన్నిటికీ ఆవిరి కావాలి, ఆవిరికి బొగ్గు కావాలి. రెండవ ప్రపంచయుద్ధంలో పెట్రోలుకు కటకట వచ్చినప్పుడు బోధను చక్కెర మడ్డి నుంచి పవర్ ఆల్కహాలు తీసి పెట్రోలులో కలిపే ప్రయత్నం కూడా జరిగింది. ఇవాళ దేశమంతా పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారంటే అది పూర్తిగా కొత్త ఆలోచన కాదన్నమాట.

బొగ్గు కొన్న సంవత్సరం

1920 డిసెంబరులో గనుల వ్యాపారం సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ అనే పేరుతో హైదరాబాదు చట్టం కింద రిజిస్టరయింది. పేరు మనది, వాటాలు మాత్రం లండన్ స్టాక్ ఎక్స్‌ఛేంజిలో అమ్ముడుపోయేవి. కంపెనీ కార్యదర్శులుగా, బొగ్గు అమ్మే ఏజెంట్లుగా బెస్ట్ అండ్ కంపెనీ వ్యవహరించేది. ఇల్లందులో పొరలు తరిగేకొద్దీ గనులు బెల్లంపల్లి వైపు, ఆపైన కొత్తగూడెం వైపు విస్తరించాయి.

యుద్ధం వచ్చాక బొగ్గు విలువ అందరికీ తెలిసివచ్చింది. రైలు నడవాలంటే బొగ్గు. మిల్లు తిరగాలంటే బొగ్గు. రాజధానిలో దీపం వెలగాలంటే బొగ్గు. రైలు ప్రభుత్వానిదే అయినా ఇంజనులో వేసే బొగ్గు పరాయి కంపెనీదైతే ఆ రైలు సగమే మనది. చివరకు 1945లో హైదరాబాదు ప్రభుత్వం సింగరేణి వాటాల్లో అధికభాగాన్ని కొనివేసింది. గనులు, గనులకు పోయే రైలు, బొగ్గు కాల్చే పవర్‌హౌసు, మూడూ ఒకే సర్కారు కిందికి వచ్చాయి.

ఈ పని ఎంత ముందుచూపుతో కూడినదో తెలియాలంటే చుట్టూ చూడాలి. 1922లో స్వతంత్రమైన ఐర్లండు మొదట చేపట్టిన పెద్ద పనుల్లో షానన్ నది మీద జలవిద్యుత్ కేంద్రం ఒకటి. 1929లో అది పూర్తయింది. మెక్సికో 1938లో విదేశీ చమురు కంపెనీలను జాతీయం చేసింది. ఇరాన్ ఆ పని 1951లో చేయబోయి చిక్కుల్లో పడింది. మిగతా భారతదేశంలో బొగ్గు గనులు జాతీయమయినది 1971-73 మధ్యన. సముద్రం లేని మన దక్కను రాజ్యం 1945లోనే, గొడవ లేకుండా, వెలకట్టి కొని తన బొగ్గును తెచ్చుకున్నది.

అయితే ఒక మాట. 1945 నుంచి 1949 వరకు గనుల యాజమాన్యాన్ని హైదరాబాద్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ మేనేజింగ్ ఏజెంటుగా నిర్వహించింది. అంటే వాటాలు సర్కారువే అయినా, పెత్తనం మళ్లీ ఒక ప్రయివేటు కంపెనీదే. 1949లో, పోలీసు చర్య తరువాత, ఆ బాధ్యత పారిశ్రామిక ట్రస్టు నిధికి మారింది.

దీపం కింద చీకటి

రాజ్యం ఇంధనాన్ని సంపాదించింది సరే, ఆ వెలుగు ఎంతదూరం వచ్చింది? రాజధానికి వచ్చింది. కొన్ని పట్టణాలకు, మిల్లులకు వచ్చింది. పల్లెల్లో ఆముదం దీపం, గ్యాసునూనె కందిలి తప్ప వేరే వెలుగు లేదు. దేశంలో ఆముదాలు విరివిగా పండే ప్రాంతాల్లో తెలంగాణ ఒకటి. ఆ గింజలు బండ్లకెత్తి పంపే రైతు ఇంట్లో రాత్రి దీపం పొదుపుగా వాడుకునేవారు. మన ఏజెన్సీ గూడేల్లో ఇప్పగింజల నూనె, నెగడు మంట, అంతే. ములుగు తాలూకా అడవుల కింద బొగ్గుంది, పైన కోయగూడెంలో చీకటి ఉంది.

చీకటి నూనె కొరతతో వచ్చినది మాత్రమే కాదు. రాజ్య భూభాగంలో మూడోవంతుకు మించి జాగీర్దార్ల కింద, నిజాం సొంత ఖర్చుల కోసం కేటాయించిన సర్ఫేఖాస్ కింద ఉండేది. దొరలు, దేశముఖులు ఊళ్లలో వెట్టి చేయించుకునేవారు. అడవులను రిజర్వు చేయడంతో పోడు చేసుకునే గిరిజనులు అటవీ సిబ్బంది వేధింపులకు గురయ్యారు. జల్, జంగల్, జమీన్ కోసం నిలబడిన కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో పోలీసు కాల్పుల్లో నేలకొరిగారు. ఆ తరువాతగాని సర్కారు మేల్కొనలేదు. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను పిలిపించి గిరిజనుల స్థితిగతులు అధ్యయనం చేయించారు. ఆదిలాబాదులో కొందరు గోండులకు పట్టాలు ఇచ్చారు. 1356 ఫసలీలో, అంటే 1946-47లో, గిరిజన ప్రాంతాల కోసం ప్రత్యేక నిబంధన వచ్చింది.

కరువు కాలంలో కప్పం అడిగిన కాకతీయ ప్రభువును ఎదిరించి సమ్మక్క, సారలమ్మ నేలకొరిగారని మేడారంలో ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఏలేవాడికి ఖజానా మీద ఉన్న చూపు పేదవాని కుండ మీద కూడా ఉండాలన్నదే ఆ కథ చెప్పే నీతి. ఏడవ నిజాం కాలంలో ఖజానా నిండింది. లెక్కలు బాగున్నాయి. కుండ మాత్రం నిండలేదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పుల్లో చనిపోవడంతో రైతాంగ పోరాటం ఊరూరా అంటుకుంది.

ఇదే ప్రభువు బెనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి విరాళమిచ్చారు. అజంతా చిత్రాలు పాడుకాకుండా ఇటలీ నిపుణులను రప్పించారు. మనకు దగ్గరలోని పాలంపేట రామప్ప గుడి మీద ఆయన పురావస్తు శాఖ అధిపతి గులాం యజ్దానీ 1922లోనే పుస్తకం వెలువరించారు. మంచిచెడ్డలు ఒకే మనిషిలో, ఒకే కాలంలో ఉంటాయని ఒప్పుకుంటేనే ఈ జీవితం మనకు అర్థమవుతుంది.

సొంత బొగ్గు చాలలేదు

1947 ఆగస్టులో బ్రిటిషువారు వెళ్లిపోయాక నిజాం ఇటు భారతదేశంలో గాని, అటు పాకిస్తానులో గాని చేరకుండా స్వతంత్రంగా ఉండాలనుకున్నారు. సొంత నాణెం, సొంత రైలు, సొంత బొగ్గు ఉన్న రాజ్యానికి అది సాధ్యమేనని ఆయన సలహాదారులు నమ్మారు. నవంబరు 29న భారత ప్రభుత్వంతో ఏడాదిపాటు యథాతథ ఒప్పందం కుదిరింది. అది సవ్యంగా నడవలేదు. సరిహద్దుల్లో సరుకులు ఆపేస్తున్నారని, పెట్రోలు, మందులు రావడం లేదని హైదరాబాదు సర్కారు ఫిర్యాదు చేస్తూ వచ్చింది. లోపల కాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు ఊళ్ల మీద పడి దోపిడీలు, హత్యలు చేశారు. జైళ్లు స్వాతంత్ర్యవాదులతో నిండిపోయాయి.

ఇంధనం కోణంలో చూస్తే ఇక్కడ ఒక పాఠముంది. సింగరేణి బొగ్గు దక్షిణాది రైళ్లకు, మిల్లులకు అవసరం. హైదరాబాదుకు పెట్రోలు, గ్యాసునూనె బయటినుంచి రావాలి. ఇద్దరికీ ఒకరి అవసరం ఒకరికుంది. అటువంటప్పుడు స్వయంసమృద్ధి అంటే తలుపులు మూసుకోవడం కాదు, ఇచ్చిపుచ్చుకునేటప్పుడు తలవంచకుండా ఉండగలగడం. అన్నిటినీ మించి, కింద ప్రజల అండ లేని రాజ్యాన్ని ఎన్ని గనులైనా నిలబెట్టలేవు. 1948 సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య అయిదు రోజుల్లో ముగిసింది. 17న నిజాం లొంగిపోయారు. ఆ ముందూ వెనుకా జరిగిన ఘోరాల్లో హిందువులు, ముస్లిములు అనే తేడా లేకుండా ఎందరో సామాన్యులు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

చివరి రోజులు

1949లో సర్ఫేఖాస్ భూములు ప్రభుత్వంలో కలిశాయి. జాగీర్లు రద్దయ్యాయి. నిజాంకు ఏడాదికి 50 లక్షల రూపాయల రాజభరణం ఏర్పాటయింది. 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబరు 31 వరకు ఆయన హైదరాబాదు రాష్ట్రానికి రాజప్రముఖ్‌గా ఉన్నారు. ఒకప్పుడు ఫర్మానాతో చట్టం చేసిన మనిషి, ప్రజలు ఎన్నుకున్న మంత్రివర్గం పంపిన కాగితాల మీద సంతకాలు చేశారు. కొందరు మాజీ రాజుల మాదిరిగా విదేశాలకు పోలేదు, రాజకీయాల్లో దిగలేదు. కింగ్‌కోఠీలోనే ఉండి తన ఆస్తులను ధర్మసంస్థలకు, కుటుంబ ట్రస్టులకు అమర్చుతూ గడిపారు.

1967 ఫిబ్రవరి 24న, 80 ఏళ్ల వయసులో, కింగ్‌కోఠీ భవనంలో ఆయన కన్నుమూశారు. తల్లి సమాధి దగ్గర, జూదీ మసీదు ఆవరణలో ఆయనను ఖననం చేశారు. అంతిమయాత్రకు జనం వెల్లువలా వచ్చారు. ఆయన వదిలిపోయిన నగలను భారత ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్నది. జాకబ్ వజ్రం వాటిలోనిదే.

మిగిలినదేమిటి?

నగలకన్న విలువైనది ఆయన కాలంలో కొన్న బొగ్గు. సింగరేణి మీద అదుపు 1956లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి వచ్చింది. 1960 నుంచి కేంద్రం కూడా వాటా తీసుకుంది. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వానికి 51, కేంద్రానికి 49 శాతం వాటాలు. నిజాం చనిపోయేనాటికి కొత్తగూడెంలో థర్మల్ కేంద్రం పని మొదలుపెట్టి కొద్ది నెలలే అయింది. 1959లో ఏర్పడిన విద్యుత్ బోర్డు ఆ కేంద్రం నుంచి, తరువాత రామగుండం వంటి కేంద్రాల నుంచి తీగలు లాగి పల్లెపల్లెకూ కరెంటు చేర్చింది. స్తంభాలు భుజాన మోసి, వాగులు దాటి, అడవుల్లో లైన్లు వేసిన కార్మికులు, లైన్‌మెన్లు, ఇంజనీర్లు చేసిన పని అది. ప్రభువు కొన్న బొగ్గును పేదవాని ఇంటి దీపంగా మార్చింది ఈ సామాన్య ఉద్యోగులే.

చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రం 2010 నుంచి మన ప్రాంతపు బొగ్గుతోనే కరెంటు ఇస్తున్నది. సింగరేణి సంస్థ 2016లో జైపూరులో తన సొంత విద్యుత్ కేంద్రాన్ని నడపడం మొదలుపెట్టింది. సౌరవిద్యుత్ ఫలకాలూ వేసింది. కొత్తగూడెం పాత కేంద్రం కాలం తీరి మూతబడింది, దాని శీతలీకరణ గోపురాలను 2024 ఆగస్టులో కూల్చివేశారు. టీవీలో ఆ దృశ్యం చూసి కంటతడి పెట్టుకున్న విశ్రాంత ఉద్యోగులు లేకపోలేదు. బొగ్గు కూడా ఎల్లకాలం ఉండేది కాదు. రేపటి ఇంధనం ఎండ కావచ్చు, గాలి కావచ్చు, గోదావరి నీరు కావచ్చు. ఏది వచ్చినా అది ఎవరి చేతిలో ఉంటుంది, ఎవరి ఇంట వెలుగుతుంది అన్న ప్రశ్నలు మాత్రం మారవు.

మీర్ ఉస్మాన్ అలీఖాన్ మొదటి ప్రశ్నకు సరైన జవాబు కనిపెట్టారు. రెండవ ప్రశ్నను పట్టించుకోలేదు. ఆయన రాజ్యం పోవడానికి అదొక కారణం. మన మనుమలు, మనుమరాండ్రు స్విచ్చి నొక్కి చదువుకు కూర్చున్నప్పుడు ఈ రెండు ప్రశ్నల సంగతీ వారికి చెప్పవలసిన బాధ్యత, ఆముదం దీపాన్నీ, కందిలినీ, కరెంటు బల్బునూ మూడింటినీ చూసిన మన తరానిదే.